కాణిపాకంలో మా అమ్మ చెయ్యని ప్రమాణం

మా పాపను చూసి "దేవుడి బిడ్డ" అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఆ మాట అనేసి, బుగ్గ గిల్లి, కాఫీ తాగి వెళ్ళిపోతారు. రోజూ కాలు సాగదీసేది, ముడుచుకున్న చెయ్యి విప్పేది, ముద్ద మింగేదాకా గడ్డం కింద వేలు పెట్టి కూర్చునేది వాళ్ళు కాదు. "పుట్టగానే మెదడులో అంత రక్తం కారిన పిల్ల బతకడమే గొప్ప కదా" అంటారు ఇంకొందరు. సరే, బతికింది. బతికిన తర్వాత ఏమిటని ఎవరూ అడగరు. నేను చెప్పబోయేది ఆ తర్వాతి సంగతే. కోపం చల్లారాక రాద్దామని చాలాకాలం ఆగాను. చల్లారేలా లేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

పాప ఏడో నెలలోనే పుట్టింది. అప్పటికీ ఇప్పటికీ మేము ఉండేది తిరుపతిలో అద్దె ఇంట్లోనే. మా ఆయన రేణిగుంట దగ్గర ఒక గోడౌన్‌లో సూపర్‌వైజరు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. క్లాసులో బోర్డు మీద రాస్తూ ఉండగానే నొప్పులు మొదలయ్యాయి. మర్నాటికి పాప గాజుపెట్టెలో ఉంది. ఒంటి నిండా గొట్టాలు. నెత్తిన పెట్టిన ఊలు టోపీ కనుబొమ్మల మీదికి జారిపోతోంది. అంత చిన్న తలకు సరిపోయే టోపీ ఆసుపత్రిలో కూడా లేదు.

మూడో రోజు తల మీద స్కానింగ్ చేశారు. పసిపిల్లల మాడు మెత్తగా ఉంటుంది కదా, అక్కడ ఇంకా ఎముక అతుక్కోదు, అందులోంచి లోపలికి చూడవచ్చట. చూశాక డాక్టరు మా ఇద్దరినీ తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"మెదడులో రక్తస్రావం అయింది. రెండు వైపులా ఉంది. కుడివైపు ఎక్కువ, మెదడులోకి కూడా పాకింది. ఈ రకం రక్తస్రావాల్లో ఇంతకంటే పెద్దది లేదు," అన్నాడు.

"దెబ్బ యాడ తగిలింది సార్?" అన్నాడు మా ఆయన.

"దెబ్బ అక్కర్లేదు. నెలలు నిండని పిల్లల మెదడులో రక్తనాళాలు చాలా పల్చగా ఉంటాయి. రక్తపోటు కాస్త అటూ ఇటూ అయినా చిట్లిపోతాయి."

మా ఆయన తల ఊపాడు. కానీ ఆ మాట అతని చెవిలోకి పోలేదని నాకు అప్పుడే తెలిసింది. బయటికి రాగానే నన్ను పట్టుకుని, "నువ్వు స్కూలుకు స్కూటీలో పోతా ఉంటివే, స్పీడుబ్రేకర్ల మీద ఏమన్నా ఎగిరిందా?" అని అడిగాడు. నెత్తురు కారిందంటే ఎక్కడో దెబ్బ తగిలి ఉండాలి, దెబ్బ తగిలిందంటే ఎవరో ఒకరు కొట్టి ఉండాలి. మా వాళ్ళందరి లెక్కా అదే. నేను వెళ్ళి వార్డు బయట కూర్చున్నాను.

అక్కడ బెంచీ మీద మా అమ్మ ఉంది. పాకాల నుంచి తెచ్చిన అన్నం క్యారియరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మా నాయన రైల్వేలో పని చేసేవాడు, పోయి చాలా ఏళ్ళయింది. అమ్మ పాకాలలోనే ఒక్కతే ఉంటుంది. లోపలికి తల్లిని తప్ప ఎవరినీ రానివ్వరు కాబట్టి అమ్మ పాపను అద్దంలోంచే చూసింది, అదీ దూరం నుంచి. రక్తం కారిన నాటికి మా అమ్మ ఆ పిల్లను వేలితో కూడా తాకలేదు. ఈ ముక్క నేను తర్వాత ఎంతమందికి చెప్పానో, ఎన్నిసార్లు గొంతు చించుకున్నానో నాకే తెలియదు.

రెండు నెలలు దాటాక ఇంటికి పంపారు. ఆలోపు రోజూ ఒక నర్సు టేపుతో పాప తల కొలిచేది. తలలో నీరు చేరితే తల పెరిగిపోతుందని, అప్పుడు ఆపరేషన్ చేసి గొట్టం పెట్టాల్సి వస్తుందని చెప్పారు. నీరు చేరలేదు. ఇంటికి పంపే రోజు డాక్టరు మళ్ళీ స్కాన్ చూసి చెప్పాడు.

"రక్తం కరిగిపోయింది. కానీ అది నిలబడిన చోట మెదడు దెబ్బతింది. దాని ఫలితం ఇప్పుడు కనబడదు. ఎదిగేకొద్దీ చూడాలి. కూర్చోవాల్సిన వయసులో కూర్చుంటుందా, చెయ్యి చాపాల్సిన వయసులో చాపుతుందా, నడుస్తుందా, మాట్లాడుతుందా. ఏది ఎంతవరకూ వస్తుందో ఇప్పుడు నేనే కాదు, ఎవరూ చెప్పలేరు."

మా ఆయన మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాడు. మెట్ల దగ్గర నిలబడి చిత్తూరులో ఉన్న వాళ్ళ అమ్మకు ఫోన్ చేశాడు. "బాగైపోయింది మా. రక్తమంతా కరిగిపోయిందంట. ఇంగేం బాధ లేదు." తర్వాత వాళ్ళ పెదనాయనకు, తర్వాత గోడౌన్‌లో స్నేహితులకు. నేను పక్కనే పాపను పట్టుకుని నిలబడి ఉన్నాను. మిగతాది కూడా చెప్పు అన్నాను. "మంచి మాట చెప్పేటప్పుడు అడ్డం రాకుమే" అన్నాడు. ఆ ఒక్క ఫోన్‌తో అతను చేసిన చేటు అంతా ఇంతా కాదు. పాపకు నయమైపోయిందని అటు చిత్తూరంతా చాటింపు అయిపోయింది.

నేను పాపను తీసుకుని పాకాలకు పోయాను.

మా వీధిలో పుట్టిన పిల్లల్లో సగం మందికి మా అమ్మే నీళ్ళు పోసింది. అది ఆమె వృత్తి కాదు, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోదు. ఎవరింట్లో పురుడైనా పొద్దున్నే వచ్చి పిలుస్తారు. అమ్మ పోయి పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి చెక్కుకుని, కాళ్ళు బారజాపి, వాటి మీద బిడ్డను బోర్లా వేసుకుంటుంది. నూనె పట్టించి, కాళ్ళూ చేతులూ సాగదీసి, ముక్కు నిమిరి, తల గుండ్రంగా రావాలని అరచేతులతో అదిమి, వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, తల్లి చేతికిస్తుంది. ఆ తర్వాత ఆ బిడ్డ ఒళ్ళు తెలియకుండా నిద్రపోతుంది. మా అమ్మ నీళ్ళు పోస్తే పిల్లలు గట్టిపడతారని వీధిలో పేరు.

మా పాప విషయంలో అమ్మ భయపడింది. తల అదమకూడదని నర్సు చెప్పిందని చెబితే, "నేనేమన్నా పిచ్చిదాన్నా, ఆ తల నేను అదిమేదానికి" అంది. ముక్కు కూడా నిమరలేదు. నీళ్ళు చెంబుతో కాకుండా దోసిలితో పోసేది. ఒకే ఒక్కటి మానలేదు. నీళ్ళు పోసే ముందు అరచేతిలో ఆముదం తీసుకుని మాడు మీద అద్దేది. చలవ చేస్తుందని. అద్దడమంటే అద్దడమే. దోసె పెనం మీద నూనె రాసేటప్పుడు కూడా అంతకంటే గట్టిగానే ఒత్తుతాం. నేను పక్కనే కూర్చుని రోజూ చూశాను.

పాపకు ఎనిమిదో నెలలో ఎడమ చెయ్యి తేడాగా ఉందని తెలిసింది. గిలక చూపిస్తే కుడిచేతితోనే అందుకునేది. ఎడమచెయ్యి పిడికిలి బిగించి, బొటనవేలు లోపలికి ముడుచుకుని, మోచెయ్యి దగ్గర వంగి ఉండేది. ఎడమకాలు కూడా బిగుసుకుంటోంది. తిరుపతికి తీసుకుపోయి డాక్టరుకు చూపించాం. "అనుకున్నదే. కుడివైపు దెబ్బతింటే ఎడమవైపు తెలుస్తుంది. అప్పుడు జరిగినదే ఇప్పుడు బయటపడుతోంది," అన్నాడు. చెయ్యి చాపాల్సిన వయసు వస్తేనే కదా చాపలేదని తెలిసేది. పుట్టిన మూడో రోజు బిడ్డను చూసి ఈ బిడ్డ నడవదని ఎవరైనా ఎలా పట్టుకోగలరు? మూడో రోజు ఏ బిడ్డా నడవదు. ఇంత తేలిక సంగతి పదో తరగతి పిల్లలకు ఒకసారి చెబితే అర్థమవుతుంది. మా అత్తగారింట్లో పెద్దలకు ఈ రోజుకీ కాలేదు.

వ్యాయామాలు నేర్పించారు. ఈ వయసులో మెదడు ఇంకా మెత్తగా ఉంటుందని, పాడైన దారి వదిలేసి వేరే దారి వెతుక్కుంటుందని, ఎంత తొందరగా ఎంత ఎక్కువగా చేయిస్తే అంత మంచిదని చెప్పారు. నేను చేయబోతే పాప ఏడ్చి గుక్కపట్టేది. మా అమ్మ కాళ్ళ మీద పడుకోబెడితే మాత్రం కిక్కురుమనేది కాదు. అమ్మ ఆ ముడుచుకున్న పిడికిలి పట్టుకుని దాంతో మాట్లాడేది. "ఏమే, ఏం దాసిపెట్టినావే లోపల? బెల్లమా? అవ్వకు పెట్టవా?" అంటూ చిటికెన వేలు దగ్గర మొదలుపెట్టి మెల్లగా ఒక్కో వేలూ విప్పేది. బొటనవేలు చివర్న వచ్చేది. పాప తన వేళ్ళు విచ్చుకోవడం తనే చూసుకుని నవ్వేది. మా అమ్మ చేతుల్లోనే పాప మొదట కూర్చుంది. తన ఎడమచెయ్యి కూడా తనదేనని ఆ పిల్ల తెలుసుకున్నది మా అమ్మ దగ్గరే.

అంతా అలా సాగుతూ ఉండగా ఒక ఆదివారం చిత్తూరు పోయాం. మా అత్త పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని రెండు చేతులకూ రెండు బిస్కెట్లు ఇచ్చింది. ఎడమచేతి బిస్కెట్ కింద పడింది. మళ్ళీ ఇచ్చింది. మళ్ళీ పడింది. అప్పుడు ఆ పిడికిలి పట్టుకుని చూసి, నా మొహం చూసింది.

"ఆస్పత్రి నించి వచ్చినప్పుడు బాగుండె కదా పిల్ల. రక్తమంతా పోయిందని నా కొడుకు ఫోన్ జేసి చెప్పె. ఇప్పుడేంది ఇట్లయ్యింది?"

నేను మొదటి నుంచీ చెప్పాను. గాజుపెట్టె, మూడో రోజు, మాడు మీద స్కానింగ్, కుడివైపు ఎడమవైపు, అంతా. మా అత్త విన్నది. విని అడిగింది.

"పాకాల్లో నీళ్ళు పోసింది ఎవరు?"

ఆ ప్రశ్నతో మొదలైంది. పెద్దమామ, అంటే మా మామగారి అన్న, అప్పుడే భోంచేసి చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. ఆయనకు చిత్తూరులో మామిడికాయల మండీ ఉంది. మా మామగారు లేరు కాబట్టి ఆ ఇంట్లో ఆయన మాటే మాట. నేను ఫోన్‌లో స్కాన్ బొమ్మ తీసి చూపించాను. కళ్ళద్దాలు కూడా పెట్టుకోకుండా చూసి తిరిగి ఇచ్చేశాడు.

"ఈ నల్లగా ఉండేదాంట్లో ఏముండాదో మనకేం తెలుస్తాదమ్మా. పెట్టెలో కారింది కరిగిపాయె. అది డాక్టరు మాటే. ఇంటికి వచ్చినాక చెయ్యి పడిపోయింది. ఇది మన కంటికి కనబడ్డ మాట. నడుమ బిడ్డ ఎవరి చేతిలో ఉండె?"

"మా అమ్మ తల అదమలేదు మామా. నేను పక్కనే ఉన్నా."

"నువ్వు ఆమె బిడ్డవి. నువ్వట్లనే చెప్తావు."

నేను మా ఆయన వైపు చూశాను. డాక్టరు గదిలో నాతో పాటు కూర్చున్నవాడు, ప్రతి మాటా విన్నవాడు. అతను పాప గౌను గుండీ సరిచేస్తూ కూర్చున్నాడు. ఆ గుండీ ఎంతసేపు సరిచేశాడంటే, అంతసేపట్లో నేను అతన్ని మనసులో పది రకాలుగా తిట్టుకున్నాను.

పెద్దమామ మండీలో ఒక పద్ధతి ఉంది. తూకంలో తేడా వచ్చిందని రైతుకూ గుమాస్తాకూ తగాదా వస్తే ఆయన సాక్షుల్ని పిలవడు. "కాణిపాకంలో ప్రమాణం జేస్తావా?" అంటాడు. చేస్తానన్నవాడి మాట నిజం. తలొంచుకున్నవాడిది తప్పు. చాలాసార్లు గుడిదాకా పోకుండానే తేలిపోతుంది, ఎందుకంటే మా జిల్లాలో కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధం చెప్పేంత ధైర్యం ఎవరికీ లేదు. ఏళ్ళ తరబడి అలా తీర్పులు చెప్పి చెప్పి, లోకంలో ఏ తగాదా అయినా మామిడికాయల తూకం లాంటిదే అనుకునే స్థితికి వచ్చాడాయన. ఒక పసిబిడ్డ మెదడులో ఏం జరిగిందన్నది కూడా.

"ఆమె వచ్చి ప్రమాణం జెయ్యని. తన చేతి వల్ల బిడ్డకు ఏ కీడూ జరగలేదని ఒక్క మాట. ఆడికి అయిపోతాది. మళ్ళా ఎవరూ నోరెత్తరు," అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. మా అమ్మ ముద్దాయి కాదన్నాను. కావాలంటే అందరం డాక్టరు దగ్గరికి పోదాం, ఆయన నోటితోనే వినండి అన్నాను. "డాక్టర్లు వాళ్ళ తప్పు ఒప్పుకుంటారా?" అంది మా అత్త. అంటే ఒకేసారి తప్పు డాక్టర్లదీ, మా అమ్మదీ కూడా. వాళ్ళ తర్కం అలా ఉంటుంది.

చెడగొట్టింది మా అమ్మే. మేము తిరుపతి ఇంటికి వచ్చాక, నాకు చెప్పకుండా మా ఆయన పాకాలకు పోయి విషయం చెబితే, "దానికేమప్పా, చేస్తా. నాకేం భయం? అంత దూరం పోయి పిల్లను కూడా చూసినట్టుంటాది" అందట. అమ్మకు దేవుడి మీద నమ్మకం. నిజం చెప్పినవాళ్ళను ఆయన చూసుకుంటాడని నమ్మకం. నేను ఫోన్‌లో ఎంత అరిచినా వినలేదు. "ఒక మాటతో నీ కాపరం బాగుపడతాదంటే నేను చెప్పనా?" అంది. నా కాపరం అప్పటికి నాకు అక్కరలేదని చెప్పాను. ఫోన్ పెట్టేసింది.

ఒక తెల్లవారుజామున కాణిపాకంలో కలిశాం. అమ్మ కోనేట్లో మునిగి తడిచీరతో వచ్చింది. చలికి పెదవులు వణుకుతున్నాయి కానీ మొహం ప్రశాంతంగా ఉంది. మా అత్త, పెద్దమామ, మా ఆయన, చంకలో పాపతో నేను. లైనులో నిలబడ్డాం. ముందూ వెనకా భక్తులు, కొబ్బరికాయలు, చంటిపిల్లల ఏడుపులు. పెద్దమామ ఏ మాటలు అనాలో అమ్మకు నేర్పుతున్నాడు. "నా చేతి వల్ల ఈ బిడ్డకు ఏ కీడూ జరగలేదు. అంతే. ఎక్కువ తక్కువ వద్దు." అమ్మ పెదవుల మీదే ఆ మాటలు రెండుసార్లు అనుకుంది. పాప ఆమెను చూసి కుడిచెయ్యి చాపి "వ్వ, వ్వ" అంటోంది. అమ్మ ఆ చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

స్వామి ఎదురుగా వచ్చాం. అమ్మ చేతులు జోడించింది.

"నా చేతి వల్ల," అంది.

ఆగిపోయింది.

గొంతు పట్టిందేమో అనుకున్నాను. చెప్పమ్మా అన్నాను. పెద్దమామ "ఊ" అన్నాడు. అమ్మ స్వామి వైపే చూస్తోంది. జోడించిన చేతులు మెల్లగా విడదీసి తన అరచేతులు తనే చూసుకుంది. వెనకవాళ్ళు తోస్తున్నారు, ముందుకు జరగమని ఎవరో అంటున్నారు. అమ్మ నోరు తెరిచింది, మూసింది. జనం మమ్మల్ని అలాగే పక్కకు నెట్టేశారు. మాట పూర్తి కాకుండానే బయటపడ్డాం.

బయట మంటపం దగ్గర పెద్దమామ కండువా దులుపుకుని భుజాన వేసుకున్నాడు. మండీలో ఒక తగాదా తీరాక ఎలా వేసుకుంటాడో అలాగే.

"అయిపాయె. నేనేం చెప్పేది లేదు. స్వామే నోరు కట్టేసినాడు," అన్నాడు.

మా అత్త ఏడ్చింది. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు, అది నాకు తెలుసు. మనవరాలి కోసమే ఏడ్చింది. తెలిసినా నాకు జాలి కలగలేదు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. పెద్దమామను, ఆయన మండీని, ఆయన తూకాల్ని. గుడి అని చూడకుండా అరిచాను. జనం చుట్టూ చేరారు. మా ఆయన నా భుజం పట్టుకుంటే విదిలించాను. దేవుణ్ణి మాత్రం ఏమీ అనలేదు. అనాల్సింది ఆయన్ను కాదు.

అమ్మ ఒక పక్కన మెట్టు మీద కూర్చుని ఉంది. తడిచీర నుంచి నీళ్ళు కారుతున్నాయి. పక్కన కూర్చుని, ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను.

"నేను ఆముదం పెట్టినా కదమ్మా," అంది. "రోజూ పెట్టినా. మాడు మీద. ఒత్తలేదు, నిజమే. కానీ చెయ్యి పెట్టినా కదా. ఆ చెయ్యి బరువు ఎంతో నాకేం తెలుసు? ఏ కీడూ జరగలేదని నేనెట్ల చెప్పేది? తెలియనిది తెలుసునని ఆయన ముందర చెప్పగూడదు కదా."

తప్పు చేసినవాళ్ళు ఆ గుడిలో నోరు మెదపలేరని మా ఊళ్ళ నమ్మకం. తప్పు చెయ్యకపోయినా, చెయ్యలేదని వందకు వంద తెలియనివాళ్ళు కూడా మెదపలేరని ఎవరికీ తోచదు. డాక్టరు కూడా "చెప్పలేం" అన్నాడు. ఆయన చెబితే చదువు. మా అమ్మ చెబితే నేరం.

ఆ రోజు నుంచి అమ్మ పాపను ముట్టుకోలేదు.

మొదట నేను పట్టించుకోలేదు. బాధలో ఉంది, పోతుందిలే అనుకున్నాను. పోలేదు. పాకాలకు తీసుకుపోయి పాపను కాళ్ళ మీద వేస్తే లేచిపోయేది. "నా చెయ్యి మంచిది కాదమ్మా" అనేది. ఆమె అనకముందే కబురు పాకాల చేరిపోయింది. మా వీధిలో తర్వాత పుట్టిన బిడ్డకు నీళ్ళు పోయడానికి ఎవరూ వచ్చి పిలవలేదు. ఎదురింటి అమ్మాయి, తనూ చిన్నప్పుడు మా అమ్మ కాళ్ళ మీద తడిసినదే, తన బిడ్డను కొంగు చాటున పెట్టుకుని మా గుమ్మం దాటిపోయేది. దాన్ని కూడా నేను మర్చిపోను.

అమ్మను బలవంతంగా డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఓపికగా, పాత స్కాన్లు తీసి, తేదీలు చూపించి చెప్పాడు. మీరు తాకక ముందే జరిగిపోయింది పెద్దమ్మా, పైన నూనె పెడితే లోపల ఏమీ కాదు, మీరు చేయించిన వ్యాయామం వల్లే ఇంతమాత్రం వచ్చింది, ఆపకండి అన్నాడు. అమ్మ శ్రద్ధగా విని దండం పెట్టింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆటోలో ఎక్కాక అంది.

"మంచోడు. నా మనసు నొచ్చుకోగూడదని అట్ల చెప్తాండాడు."

ఆ మాటకు నేను ఆటో దిగి నడిచి ఇంటికి పోదామనుకున్నాను.

వ్యాయామాలు నేనే మొదలుపెట్టాను. పాప ఏడ్చేది, నేను అరిచేదాన్ని, ఇంకా ఏడ్చేది. ఏడిస్తే ఒళ్ళు మరింత బిగుసుకుంటుంది. పిడికిలి నాకు విచ్చుకునేది కాదు. బొటనవేలు లాగితే ముడుచుకునేది. ఆసుపత్రికి తీసుకుపోయిన రోజు అక్కడివాళ్ళు చేయించేవారు కానీ, మిగతా రోజుల సంగతి? చెయ్యి ముందుకంటే బిగిసిందని డాక్టరు ఒకసారి మొహం చిట్లించాడు. మెదడు దారి వెతుక్కునే నెలలు అవి. వెతికిపెట్టే చెయ్యి పాకాలలో గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ నెలల్ని పెద్దమామ తెచ్చి ఇవ్వగలడా? మా ఆయన ఇవ్వగలడా? ఒకసారి అడిగాను కూడా. "జరిగిందేదో జరిగిపాయె" అన్నాడు. అతని జీవితంలో అన్నీ వాటంతట అవే జరిగిపోతాయి.

కాలికి ప్లాస్టిక్ పట్టీ వేశారు, బూటు లోపల. మాటలు ఆలస్యంగా వచ్చాయి, వచ్చినవి ముద్దగా వచ్చాయి. బుర్ర మాత్రం చురుకు. ఎవరు ఎటు పోయినా కనిపెడుతుంది. అవ్వ ఎందుకు ఎత్తుకోదని నన్ను అడగడం ఆ పిల్ల నేర్చుకున్న మొదటి పెద్ద ప్రశ్న. నేను చెప్పలేదు. మీ నాయనను అడుగు అన్నాను.

పాపకు మూడేళ్ళు దాటాక, పోయిన నెల జరిగింది ఇది. మా అత్త చిత్తూరు నుంచి వచ్చి ఉంది. అమ్మను నేనే పాకాల నుంచి పిలిపించాను, ఆ వారమంతా పాప లేచి నిలబడడానికి చూస్తోందని, ఆమె కళ్ళ ముందు నడిస్తే మనసు మారుతుందేమోనని. అమ్మ వచ్చి హాల్లో గోడ దగ్గర కింద కూర్చుంది. చేతులు కొంగు కింద పెట్టుకుంది. పాప మంచం పట్టె పట్టుకుని నిలబడి, అవ్వను చూసి, పట్టె వదిలేసింది.

నడిచింది. ఎడమకాలు ఈడుస్తూ, ఎడమచెయ్యి రొమ్ముకు కరుచుకుని, పక్కకు ఒరుగుతూ, అయినా నడిచింది. మా ఆయన "అబ్బా, అబ్బా" అంటూ ఫోన్ తీశాడు. పాప మా అమ్మ దాకా వచ్చింది, ఇంకొక్క అడుగు ఉందనగా కాలు మెలిక పడింది. మా అమ్మ మోకాళ్ళ ముందే పడింది. చెయ్యి చాపితే అందే దూరం. కొంగు కదిలింది. కొంగు కింద చేతులు కదిలాయి. బయటికి రాలేదు.

పాప మోకాళ్ళ మీద ఉండి, దెబ్బకు ఏడుస్తూ, కుడిచెయ్యి ఎత్తింది. "అవ్వా, ఎత్తుకో."

మా అత్త వంటింటి గుమ్మంలోంచి ఇదంతా చూసి, కళ్ళు తుడుచుకుని, కాణిపాకం దిక్కుగా దండం పెట్టింది. "సూసినారా స్వామి మహిమ? ఆ పొద్దు ఆడ తప్పు బయటపడినాకనే పిల్లకు కాలు వచ్చింది."

నేను మా అమ్మ వైపు చూశాను. ఇప్పుడైనా కోపం వస్తుందని చూశాను. ఒక్క మాట, ఒక్క తిట్టు. మా అమ్మ తల ఊపింది.

"అవును వదినా. నేను అడ్డం తొలిగినా. నడిచింది."

"అవ్వా" అంటోంది పాప.

"నువ్వు ఎత్తుకోమ్మా," అంది అమ్మ నాతో.

"నేను ఎత్తుకోను. పిలిచింది నిన్ను," అన్నాను.

అమ్మ నన్ను చూస్తోంది. నేను అమ్మను చూస్తున్నాను. నడుమ నేల మీద పాప ఏడుస్తూ చెయ్యి ఎత్తే ఉంచింది. ఆ చెయ్యి వణకడం మొదలైంది, అయినా నేను కదల్లేదు, ఆమె కదల్లేదు. చివరికి ఎత్తుకున్నది మా అత్త.